నిలబడి చదవాల్సిన జవాబులు

టీవీలో పార్లమెంటు వస్తుంటే మా ఇంట్లో వాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. మంత్రిగారు కళ్ళజోడు సర్దుకుని "అధ్యక్షా, మొదటి భాగానికి జవాబు, లేదు" అనగానే నేను కుర్చీలో ముందుకి జరుగుతానట. జరుగుతాను, నిజమే. ఆ "లేదు" ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఎక్కడో ఒక ఊళ్ళో, ఫైళ్ళ మధ్య, చల్లారిపోయిన టీ పక్కన కూర్చుని ఒక గుమాస్తా రాసిన మాట అది. ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో ఆ గుమాస్తాని నేనే. ఎనభైల మొదట్లో ఆ టేబుల్ దగ్గర కూర్చున్నాను, తొంభైల చివర్లో లేచాను.

మొన్న మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. దానికి ఢిల్లీలో ఇలాంటి సెక్షన్‌లోనే ఉద్యోగం వచ్చిందట. "అక్కడ అసలు ఏం చెయ్యాలి అత్తా? ఫైళ్ళు మోయడమేనా?" అని అడిగింది. ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు. ఏదో నవ్వి ఊరుకున్నాను. తర్వాత కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, సీనియారిటీ తగాదాల సంగతి రాయను. అవి ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి, దానికే తెలిసిపోతాయి. నేను చేసిన ఒక తప్పు మాత్రం రాస్తాను. అంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

బొడొబాబు బడి

పార్లమెంటు సభ్యుడు ఒక ప్రశ్న వేస్తాడు. ఫలానా చోట ప్రమాదాలు జరిగాయా, జరిగితే వివరాలేమిటి, ప్రభుత్వం ఏం చెయ్యబోతోంది, ఇలా మూడు నాలుగు భాగాలుంటాయి. అది ఢిల్లీ నుంచి కలకత్తాకి, కలకత్తా నుంచి మాకు వచ్చేది. రైళ్ళు, పట్టాలు, వాటి మీదుగా పోయే రోడ్లు, ఇవీ మా పరిధి. వచ్చిన రోజు సాయంత్రానికే జవాబు ముసాయిదా వెళ్ళాలి. సభ నడిచే రోజుల్లో మా సెక్షన్‌లో ఎవరికీ జ్వరం రాకూడదు.

ప్రశ్నలు రెండు రకాలు. ఒక రకానికి జవాబు అచ్చు వేసి సభ్యులకి పంచుతారు. రెండో రకానికి మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి. చెప్పాక సభ్యులు మళ్ళీ మళ్ళీ అడగొచ్చు. ఆ ఎదురు ప్రశ్నల కోసం మంత్రి చేతిలో వేరే నోట్ ఒకటి పెడతాం. జవాబు నాలుగు లైన్లయితే నోట్ నాలుగు పేజీలు. కొత్తవాళ్ళు జవాబు మీద ప్రాణం పెట్టి నోట్‌ని నిర్లక్ష్యం చేస్తారు. అది పొరపాటు. ఎందుకో ముందు ముందు చెప్తాను.

మా హెడ్ క్లర్క్‌ని అందరూ బొడొబాబు అనేవారు. బెంగాల్ ఆఫీసుల్లో హెడ్ క్లర్క్‌కి అదే పేరు. చిన్నప్పుడు సరిహద్దు అవతల నుంచి కుటుంబంతో పాటు వచ్చేసిన మనిషి. నన్ను "మా" అని పిలిచేవారు. కూతురి వయసు వాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు. సగం బెంగాలీ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

చేరిన మొదటి వారంలో నా మొదటి ముసాయిదా ఆయన ముందు పెట్టాను. చూడనైనా లేదు.

"దాఁడాఓ, మా. నిలబడు. నిలబడి చదువు."

"ఇక్కడా?"

"ఇక్కడే, గట్టిగా. మంత్రిగారు కూర్చుని చదువుతారా? ఆయన నిలబడి చదివే మాట నువ్వు కూర్చుని రాస్తే ఎలా? రాసినవాళ్ళే నిలబడి చదవాలి. ఊపిరి ఎక్కడ ఆగుతుందో, గొంతు ఎక్కడ తడబడుతుందో అక్కడే తప్పుంటుంది."

ఆ తర్వాత పదేళ్ళ పైన, నేను రాసిన ప్రతి జవాబూ లేచి నిలబడి చదివాను. అచ్చుకి పోయేదైనా సరే, నోటితో చెప్పేదైనా సరే. మేమలా పైకి చదువుతుంటే పక్క సెక్షన్ల వాళ్ళు తలుపు దగ్గరకొచ్చి నవ్వేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా మా ప్యూను అప్పన్న నవ్వేవాడు. విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది.

"ఏటండీ శారదమ్మగారూ, మళ్ళీ బడి ఎట్టేసినారేటి? రేపట్నించి పలకొకటి అట్టుకు రానా?" అనేవాడు టీ గ్లాసులు దింపుతూ.

నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఎంత అలవాటైందంటే ఇంటికొచ్చిన కరెంటు ఆఫీసు నోటీసు కూడా లేచి నిలబడే చదివేదాన్ని.

సరిహద్దు దాటిన పెట్టెలు

ఒకసారి విదేశాంగ మంత్రికి వేసిన ప్రశ్న మా టేబుల్ మీదకి వచ్చింది. సరుకుతో సరిహద్దు దాటి పొరుగు దేశానికి వెళ్ళిన గూడ్సు పెట్టెలు కొన్ని నెలల తరబడి తిరిగి రాలేదు. అవి వెనక్కొచ్చి మా వర్క్‌షాపులో మరమ్మతుకి చేరాలి. పొరుగు దేశం మన పెట్టెల్ని ఎందుకు అట్టిపెట్టుకుంది, ప్రభుత్వం ఏం చేస్తోంది అని సభ్యుడి ప్రశ్న. పెట్టెల లెక్క మా దగ్గరుంది కాబట్టి వాస్తవాలు మేం పంపాలి.

నేను ఉత్సాహంగా రాశాను: "పొరుగు దేశం ఈ పెట్టెలను తిరిగి పంపలేదు." నిలబడి చదివాను. గొంతు ఎక్కడా తడబడలేదు.

బొడొబాబు పెన్ను తీసుకుని "పొరుగు దేశం" అన్న మాట కొట్టేశారు. "ఈ పెట్టెలు ఇంకా తిరిగి రావలసి ఉంది" అని మార్చారు.

"కానీ పంపనిది వాళ్ళే కదా?" అన్నాను.

"వాళ్ళే. కానీ ఢిల్లీలో ఈ రోజు వాళ్ళతో ఏ చర్చ నడుస్తోందో నీకు తెలుసా? నాకూ తెలీదు. మన మంత్రి నిండు సభలో నిలబడి వాళ్ళని వేలెత్తి చూపిస్తే, రేపు వాళ్ళ మంత్రి వాళ్ళ సభలో నిలబడి మనల్ని చూపిస్తాడు. పెట్టెలు అక్కడే ఉండిపోతాయి. మనకి పెట్టెలు కావాలి, మా. గెలుపు అక్కర్లేదు."

నెల తిరిగేసరికి పెట్టెలు వచ్చాయి. మా జవాబు వల్ల వచ్చాయని నేను అనను. వర్క్‌షాపు నుంచి ఫోన్ వస్తే, ఆయన ఏనాడూ లేనిది నన్ను తీసుకుని చూడ్డానికి వెళ్ళారు. ఒక పెట్టె లోపలి గోడ మీద ఎవరో సుద్దముక్కతో బస్తాల లెక్క రాశారు. బెంగాలీలో ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఆ అక్షరాలకి దగ్గరగా నిలబడ్డారు. "మా ఊరి వైపు వాళ్ళు నాలుగు అంకె ఇలాగే రాస్తారు" అన్నారు.

ఆ రోజు నుంచి వాక్యంలోంచి మనిషిని తీసెయ్యడం నాకు బాగా వంటబట్టింది. ఎవరు చేశారో చెప్పకుండా ఏం జరిగిందో చెప్పడం, ఎవరికి జరిగిందో చెప్పకుండా ఏదీ జరగలేదనడం, అన్నీ ఒకే విద్య అనుకున్నాను. అక్కడే నా కొంప మునిగింది.

లేదు, తలెత్తదు

మలంచా రోడ్డు దాటి లోపలికి వెళ్తే పాత లైను ఒకటి ఉండేది. దాని మీదుగా ఒక దారి. మా వాళ్ళు దాన్ని తాటిచెట్ల దారి అనేవారు. గేటు లేదు, గేటుమాన్ లేడు. ఆగి, రెండు వైపులా చూసి దాటమని ఒక బోర్డు మాత్రం ఉండేది. ఒక పక్క పడిపోయిన ఇటుకబట్టీ గోడ అడ్డం, ఇంకో పక్క వంపు. చూడమంటే ఏం చూస్తారు? పట్టాల మీదకి ఎక్కే దారి నిటారుగా, కంకరతో జారిపోతూ ఉండేది. అవతలి కాలనీ పిల్లలు బడికి, మగవాళ్ళు షిఫ్టుకి ఆ దారినే రావాలి.

తొంభైల్లో అనుకుంటాను, ఆ చోటు గురించి ప్రశ్న వచ్చింది. అచ్చులో జవాబిచ్చే రకం. గత మూడేళ్ళలో అక్కడ ఎవరైనా చనిపోవడం గాని గాయపడడం గాని జరిగిందా, జరిగితే వివరాలేమిటి, గేటు పెట్టే ఉద్దేశం ఉందా?

రిజిస్టరు తెప్పించాను. రైలు ఎవరినైనా గుద్దితేనో, ప్రమాదం వల్ల రైలు ఆగితేనో మా రిజిస్టర్లో పడుతుంది. తాటిచెట్ల దారి పేరు మీద ఒక్క పంక్తి లేదు. మొదటి భాగానికి "లేదు" అని రాశాను. మిగతా భాగాలకి "ఈ ప్రశ్న తలెత్తదు" అని రాశాను. లేచి నిలబడి చదివాను. అరనిమిషం పట్టలేదు. బొడొబాబుకి ఆ రోజు పంటినొప్పి. చెయ్యూపి పంపెయ్యమన్నారు. అప్పన్నే ఆ కాగితాన్ని కవర్లో పెట్టి తీసుకెళ్ళాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ ముందటి చలికాలంలో అప్పన్న అన్న సింహాచలం, వర్క్‌షాపులో ఫిట్టరు, పొగమంచులో ఆ దారిన సైకిల్ మీద డ్యూటీకి వస్తున్నాడు. పట్టాల మీదకి ఎక్కాక రైలు కూత వినబడింది. ఎటు నుంచో తెలియలేదు. హ్యాండిల్ తిప్పి సైకిల్‌తో సహా కట్ట మీద నుంచి కిందకి దూకేశాడు. రైలు అతన్ని తాకలేదు, ఆగనూ లేదు. కాలు రెండు చోట్ల విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు. అన్నని ఆస్పత్రిలో చూసుకోవడానికి అప్పన్న సెలవు చీటీ పెడితే, కారణం చదివి దాని మీద సంతకం చేసింది నేనే.

అంటే నాకు తెలుసు. తెలిసే "లేదు" అని రాశాను. అబద్ధం రాస్తున్నానని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. రిజిస్టర్లో లేని కాలు నాకు కాలుగా కనబడలేదు. ఇది నీకు అర్థమవ్వాలనే ఇంత వివరంగా రాస్తున్నాను అమ్మడూ. లంచం తిని రాసే తప్పులు పైవాళ్ళు పట్టుకుంటారు. ఇలాంటివి ఎవరూ పట్టుకోరు.

అప్పలనర్సమ్మ వచ్చింది

రెండు నెలలయ్యాక ఒక ఆదివారం పొద్దున్న సింహాచలం భార్య అప్పలనర్సమ్మ సుభాష్‌పల్లిలో మా ఇంటికొచ్చింది. మరిది అప్పన్న ఇల్లు గుర్తులు చెప్పాడట. వరండాలో కూర్చోమంటే మెట్టు మీద కూర్చుంది. చీర కొంగులోంచి ఒక సైక్లోస్టైల్ కాగితం తీసింది. ప్రశ్న వేసిన సభ్యుడి తాలూకు మనిషి కాలనీలో మీటింగు పెట్టి మంత్రిగారి జవాబు పంచాడు.

"అమ్మగారూ, ఇందులో ఏటి రాసినారో కూసింత సదివి సెప్తారేటి? మీటింగుల ఎవులో సదివినారు గాని, ఆ గోలలో నాకేటీ ఇనపడనేదు. తెలుగులో సెప్పండి. ఉన్నదున్నట్టు సెప్పండి."

కాగితం చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. చదివాను. ఎవరైనా గాయపడ్డారా? లేదు. వివరాలు? ఈ ప్రశ్న తలెత్తదు. గేటు పెడతారా? పై జవాబును బట్టి ఈ ప్రశ్న తలెత్తదు.

ఆఫీసులో తడబడని గొంతు మా వరండాలో తడబడింది.

"తలెత్తదంటే ఏటమ్మా?"

"అంటే... అడగాల్సిన పని లేదని."

నా మొహంలోకి చూసింది. "మరయితే మా ఇంటాయన కాలు ఎక్కడిరిగిందంటారు ఆ మంత్రిగారు?"

కాగితంలో ఆ పంక్తి మళ్ళీ చూశాను.

"ఆయన్ననుకుని ఏటి లాభం లెండి. ఆయనకి ఎవులు సెప్తే ఆయన సదువుతాడు. మా లచ్చిమి రోజూ ఆ దారినే బడికెల్తాది. పట్టాలెక్కేకాడ దాని సెయ్యి అట్టుకోడానికి నానెల్తన్నాను. నాకు జొరమొచ్చిన్నాడు? రేపు దానికేటన్నా అయితే అప్పుడన్నా రాస్తారా అమ్మా, అదీ తలెత్తదా?"

కాగితం నా చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా మడిచి మళ్ళీ కొంగులో కట్టుకుంది. "సదివినారు, అంతే సాలు" అని వెళ్ళిపోయింది. అది నా రాతేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను అంత సిగ్గుపడిన రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

తొమ్మిది చీటీలు

మర్నాడు బొడొబాబుకి అంతా చెప్పాను. ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండా మళ్ళీ పెట్టేశారు. సభలో ఇచ్చిన జవాబు తప్పని తేలితే సవరించే పద్ధతి ఉంది, అప్పటి మా ఆఫీసర్ని అడుగుదాం అన్నారు. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. కానీ ఏ ప్రశ్న వచ్చినా "పోయినసారి ఏం రాశాం?" అనేవాడు తప్ప "అక్కడ ఏం జరిగింది?" అని అడిగి ఎరగడు. అలాంటి వాళ్ళు నీకు చాలామంది తగులుతారు.

"రిజిస్టరు తప్పా?" అన్నాడు.

"కాదు సార్."

"జవాబు రిజిస్టరు ప్రకారమే ఉందా?"

"ఉంది సార్."

"మరి సవరణ దేనికమ్మా?"

బయటికొచ్చాక బొడొబాబు వరండాలో ఆగారు. "ఈ సభ్యుడు వదిలే మనిషి కాదు. మళ్ళీ ప్రశ్న వేస్తాడు. అప్పుడు నీ దగ్గర బాధ ఉంటే లాభం లేదు, మా. కాగితం ఉండాలి" అన్నారు.

అప్పలనర్సమ్మకి కబురు పంపాను. తాటిచెట్ల దారిలో ఇంకెవరికైనా దెబ్బలు తగిలాయా, తగిలితే ఆస్పత్రి కాగితాలు ఉన్నాయా అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో పూర్తిగా చెప్పలేదు. ఆఫీసు పని అన్నాను.

"కాయితాలే గావాలా? ఓలమ్మ, అదెంత పని!" అంది.

ఆ నెలంతా ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. నాకు కుదిరినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఆస్పత్రి చీటీలు బియ్యం డబ్బాల్లోంచి, దేవుడి పటాల వెనక నుంచి, పరుపుల కిందనుంచి బయటికొచ్చాయి. రిక్షా బోల్తాపడి తుంటి ఎముక విరిగిన ముసలమ్మ. నెత్తి మీద గంపతో జారిపడి ముంజెయ్యి విరిగిన చేపలావిడ. స్కూటరు ఆగిపోతే వదిలేసి దూకిన బెంగాలీ మాస్టారు. ఎవరినీ రైలు తాకలేదు. అందరూ రైలుని తప్పించుకోబోయి విరగ్గొట్టుకున్నవాళ్ళే. మొత్తం తొమ్మిది చీటీలు పోగయ్యాయి. ప్రతి దాని మీదా ఆస్పత్రి ముద్ర, తేదీ ఉన్నాయి. మాస్టారు తన చీటీ ఇస్తూ, "దీదీ, దీన్ని ఎవరైనా అడుగుతారని ఇన్నాళ్ళూ దాచాను" అన్నారు.

పొద్దున్న పూట ఆ దారి దగ్గర నిలబడితే ఆవిడ పిల్లల్ని దాటించడం చూసేదాన్ని. లచ్చిమి ఒక్కదాన్నే కాదు, వచ్చిన పిల్లలందరినీ వరసగా చెయ్యి పట్టి దాటించేది. ఆ కాలనీకి గేటుమాన్ ఆవిడే.

హామీ

మరుసటి ఏడు ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి మంత్రి లేచి నోటితో చెప్పాల్సిన రకం.

మా వృత్తిలో ఒక పెద్ద భయం ఉంది. అదే హామీ. మంత్రి నోటి వెంట "పరిశీలిస్తాం", "పరిశీలనలో ఉంది" లాంటి మాట వచ్చిందంటే అది సభకిచ్చిన హామీ అవుతుంది. సభ్యుల కమిటీ ఒకటి దాన్ని రాసుకుంటుంది. అది నెరవేరేదాకా ఏమైంది, ఎంతవరకొచ్చింది అని అడుగుతూనే ఉంటుంది. మంత్రి మారినా, ప్రభుత్వం మారినా అది పోదు. అందుకని హామీ కాని మాటలు వెతికి రాయడమే మా దగ్గర గొప్ప పనితనం. ఆ పనితనంలో నాకు మంచి పేరుండేది.

ఈసారి జవాబులో ఇలా రాశాను: రిజిస్టరు ప్రకారం ప్రమాదాలు లేవు. అయితే రైలును తప్పించుకునే ప్రయత్నంలో తొమ్మిది మంది గాయపడినట్టు ఆస్పత్రి పత్రాలున్నాయి. గేటు ఏర్పాటు పరిశీలనలో ఉంది. వెనక నోట్‌లో తొమ్మిది మంది వివరాలూ పెట్టాను.

బొడొబాబు చదవమన్నారు. నిలబడి చదివాను. చివరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు.

"ఆ మాట తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను."

"నేను రెండు నెలల్లో రిటైరవుతాను. ఆ తర్వాత ఈ ఫైలు నిన్ను వదలదు. మూడు నెలలకోసారి ఢిల్లీ నుంచి ఉత్తరం వస్తుంది. జవాబు రాయలేక చస్తావు."

"వదలకూడదనే రాశాను."

అప్పుడాయన చేసిన పని నేనెన్నడూ మర్చిపోను. ఆయన లేచి నిలబడ్డారు. నా కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివారు. "ఠీక్ ఆఛే. బాగుంది. గొంతు ఎక్కడా తడబడలేదు" అని సంతకం పెట్టారు.

అప్పటికి ఆఫీసరు మారాడు. కొత్తాయన ఒడిశా కుర్రాడు, ఉద్యోగానికి కొత్త. చీటీలు అటూ ఇటూ తిప్పి చూసి, మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా స్కూటర్ మీద తాటిచెట్ల దారికి వెళ్ళొచ్చాడు. బూట్ల నిండా బురదతో వచ్చి సంతకం పెట్టాడు. అప్పటిదాకా నేను ఆఫీసర్లందరినీ ఒకే గాటన కట్టేసేదాన్ని. ఆ రోజు మానేశాను.

పైకి వెళ్ళాక ఎవరో మా జవాబుని జాగ్రత్తగా కత్తిరించారు. రిజిస్టరు వాక్యం ఒక్కటి మిగిలింది. నోట్ మాత్రం చెక్కుచెదరకుండా మంత్రి చేతికి చేరింది. అందుకే ముందే అన్నాను, నోట్ మీద ప్రాణం పెట్టమని. కొన్ని వారాల తర్వాత సభా కార్యక్రమాల అచ్చు ప్రతి మా సెక్షన్‌కి వచ్చింది. సభ్యుడు లేచి, అక్కడ ఎవరికీ ఏమీ కాలేదని మంత్రిగారు గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా అని అడిగాడు. మంత్రి చేతిలో కాగితాలు చూసుకుని ఉంటారు. తుంటి విరిగిన ముసలమ్మ, చేపలావిడ, మాస్టారు, కాలు విరిగిన ఫిట్టరు, అందరినీ చదివారు. "సభ్యుడి ఆందోళన సరైనదే. గేటు విషయం పరిశీలిస్తున్నాం" అన్నారు.

ఆ పేజీ బొడొబాబు లేచి నిలబడి చదువుతుంటే సెక్షన్ మొత్తం లేచి నిలబడింది. తలుపు దగ్గర అప్పన్న నవ్వలేదు. చేతిలో టీ గ్లాసులతో అలాగే నిలబడ్డాడు. సింహాచలం పేరు ఢిల్లీలో చదివారని వాళ్ళింట్లో చెప్పడానికి ఆ సాయంత్రం గంట ముందే పంపేశాను.

ఉత్తరాలు

బొడొబాబు చెప్పినట్టే జరిగింది. మూడు నెలలకోసారి ఉత్తరం. గేటు మా వాళ్ళు పెట్టాలి, దారి వాలు సరిచేసి రోడ్డు వెయ్యాల్సింది రాష్ట్రం వాళ్ళు. మీరు మొదలుపెట్టండి అంటే మీరు మొదలుపెట్టండి. ఒక ఏడు కొలతలతో, ఇంకో ఏడు ఇటుకబట్టీ గోడ ఎవరిదన్న తగువుతో పోయింది. ప్రతి ఉత్తరానికీ నేనే జవాబు రాశాను. ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిందని రాశాను. ఎవరి టేబుల్ మీద ఆగిందో కూడా రాశాను. వాక్యంలోకి మనిషిని మళ్ళీ తెచ్చాను. ఆశ్చర్యమేమిటంటే, పేరు పడ్డ టేబుల్ మీద నుంచి ఫైలు వారంలో కదిలేది.

రిటైరైన బొడొబాబు బజార్లో అప్పన్న కనిపించినప్పుడల్లా గేటు ఎంతవరకొచ్చిందని అడిగేవారు. లచ్చిమి మూడు తరగతులు దాటింది. వాళ్ళమ్మ ఇంకా చెయ్యి పట్టుకునే దాటిస్తుంటే సిగ్గుపడేదట. ఆ ఏళ్ళన్నీ చలికాలం వస్తే నాకు గుండెల్లో గుబులు. కానీ ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు, అప్పలనర్సమ్మ చెయ్యి గొప్ప.

చివరికి గేటు వచ్చింది. ఎర్రతెలుపు చారలతో, పక్కన చిన్న గదితో, గదిలో గేటుమాన్‌తో. కొబ్బరికాయ కొట్టిన రోజు కాలనీ అంతా వచ్చింది. "హామీ నెరవేరింది" అని మేం పంపిన నివేదిక నకలు నా సంచిలో ఉంది. అప్పలనర్సమ్మ చూసి, "అదేటమ్మా, సదివి సెప్పండి" అంది. అక్కడ కూర్చునే చోటు లేదు, నిలబడే చదివాను. తాటిచెట్ల దారి వద్ద గేటు ఏర్పాటైనది, గేటుమాన్ నియమితుడైనాడు, హామీ నెరవేరినట్టు పరిగణించవలసినది.

చదివాక ఇంక ఆగలేకపోయాను. "నర్సమ్మా, నీకొకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ నోరు రాలేదు. ఆ మొదటి కాగితం, లేదు, తలెత్తదు అన్నది..."

"మీరే రాసినారు. తెలుసు."

"అప్పన్న చెప్పాడా?"

"ఆడికి ఇంగిలీసు ఒస్తేగదా! ఆ ఆదివారం మీరు కాయితం అట్టుకోగానే లేసి నిలబడినారు. నాలాటిదానికి సదివి సెప్పడానికి ఎవులన్నా లేస్తారా అమ్మా? ఆ సెక్షన్ల రాసినోలే నిలబడి సదవాల, అది ఆళ్ళ బొడొబాబు రూలని మా మరిది రోజూ నవ్వేవోడు. మీ గొంతు అదురుతుంటేనే నాకు తెలిసిపోనాది."

"మరి ఆ రోజే నన్ను నాలుగు మాటలు అనలేకపోయావా?"

"అంటే ఏటి సేస్తారు? ఏడుస్తారు. నాకు ఏడిసినోలు ఎందుకమ్మా, మా ఇంట్ల శానామందున్నారు." గేటు వైపు చూసి నవ్వింది. "రాసిన సెయ్యి గావాల నాకు. తప్పు రాసిన సెయ్యే గదా మళ్ళీ సరిగ్గా రాయాల."

కూత వినబడింది. గేటుమాన్ గేటు దించాడు. అవతలి వైపు లచ్చిమి సైకిల్ ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వాళ్ళమ్మ చెయ్యి చాచలేదు, ఆ పిల్ల ఒక్కతే తొక్కుకుంటూ ఇవతలికి వచ్చేసింది.